లక్ష్యనిర్ణయము: కొలత, గడువు, హద్దు

"వచ్చే యేటికి బాగుపడవలెను" అని అనుకొనని గృహస్థుడు లేడు. "వ్యాపారము పెంచవలెను" అని తలపని వర్తకుడు లేడు. ఉగాదినాడు పంచాంగము విని, ఆదాయవ్యయములు సరిచూచుకొనునపుడు మనమందరమును ఏదో ఒకటి అనుకొందుము. మరల ఉగాది వచ్చునప్పటికి ఆ అనుకొన్నదేదో కూడ మనకు గుర్తుండదు. సోమరితనము ఒక్కటే దీనికి కారణము కాదు. రాత్రింబవళ్లు కష్టపడువారు కూడ ఏడాది చివర వట్టిచేతులు చూచుకొని నిట్టూర్చుట మనమెరుగుదుము. వారు అనుకొన్నది కోరిక మాత్రమే. అది లక్ష్యముగా రూపొందలేదు.

కోరికను లక్ష్యముగా మార్చుకొనుట యెట్లు అను విషయమును ఈ పాఠములో విచారింతము. కృష్ణాతీరమున మన కండ్లయెదుటనున్న రెండు నిదర్శనములను, మా యింట జరిగిన ఒక కష్టమును ఆధారము చేసికొని చెప్పెదను.

1. కోరిక వేరు, లక్ష్యము వేరు

కోరికకు కొలత లేదు. "ధనము రావలెను" అన్నచో, ఎంత? "పిల్లవాడు వృద్ధిలోనికి రావలెను" అన్నచో, ఏ విద్యలో, ఎన్నటికి? కొలత లేనిది నెరవేరినదో లేదో చెప్పుట యెవరి తరమును కాదు. నెరవేరినదని తెలియనిచో తృప్తి కలుగదు. నెరవేరలేదని తెలియనిచో దిద్దుబాటు జరుగదు.

లక్ష్యమునకు నాలుగు అంగములు కలవు. మొదటిది కొలత: ఎంత? రెండవది గడువు: ఎప్పటికి? మూడవది తొలిపని: నేడు చేయదగినది ఏది? నాలుగవది హద్దు: ఎంతతో ఆగవలెను, ఎంతకు మించి నష్టపడరాదు?

వ్యాపారశాస్త్రజ్ఞులు కూడ ఈ విషయమును విచారించిరి. పీటర్ డ్రక్కర్ అను పండితుడు 1954లో ప్రకటించిన గ్రంథములో, సంస్థలోని ప్రతివాడును తన లక్ష్యమును తెలిసి పనిచేయవలెనని బోధించెను. 1981లో జార్జి డోరన్ అను అమెరికా దేశీయుడు ఒక వ్యాసములో లక్ష్యమునకు ఐదు గుణములను చెప్పెను. అది స్పష్టముగా ఉండవలెను, కొలువదగినదై ఉండవలెను, దానికి బాధ్యుడెవరో తెలియవలెను, ఉన్న వనరులతో సాధ్యము కావలెను, దానికి కాలనియమము ఉండవలెను. ఇవి చక్కని మాటలే. అయితే హద్దు అను నాలుగవ అంగమును మరచుటచేతనే మంచి కుటుంబములు కూడ చితికిపోవుచున్నవని నా అనుభవము. ఆ సంగతి ముందు తెలియగలదు.

2. బెజవాడ ఆనకట్ట నేర్పు పాఠము

1832-33లో, అనగా నందన నామ సంవత్సరములో, గుంటూరు మండలమున ఘోరమైన కరవు వచ్చెను. ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. అప్పుడును కృష్ణ ఆ మండలము ప్రక్కనే పారుచుండెను. ప్రతి వర్షాకాలమునను నది నిండుగా వచ్చి సముద్రములో కలియుచుండెను. "నీరు కావలెను" అను కోరిక అందరి గుండెలలోను ఉండెను. కాని కోరికకు నీరు నిలువదు.

ఆ కోరిక లక్ష్యమైనది 1852లో. ఆర్థర్ కాటన్ ఆలోచన ననుసరించి, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో, బెజవాడయొద్ద ఆనకట్ట పని మొదలై 1855 నాటికి పూర్తియయ్యెను. ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ నది ఎంత యెత్తున నిలువవలెను, ఆ యెత్తునుండి ఇరువైపుల కాలువలు ఎంత వాలున సాగవలెను, ఏ పొలమునకు నీరు ఎక్కవలెను అను లెక్క ముందు వ్రాయబడెను. రాయి పేర్చుట ఆ తరువాతి సంగతి.

ఆ ఆనకట్ట సుమారు నూరేండ్లు పనిచేసి 1952లో వరదకు తెగెను. దానికి బదులుగా 1954-57 నడుమ 70 తలుపులు గల బ్యారేజి నిర్మింపబడి, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు ధరించెను. నేడు కృష్ణా డెల్టాలోని సుమారు 13 లక్షల ఎకరములు దాని నీటితో పండుచున్నవి.

ఇక్కడ గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. ఆ బ్యారేజిని కట్టినవారు 11 లక్షల 90 వేల క్యూసెక్కుల వరదను తట్టుకొనునట్లు లెక్కవేసిరి. అంత నీరు వచ్చుట కట్టిన తరములో ఎవరును చూడలేదు. 2024 సెప్టెంబరు ఆరంభమున వచ్చిన వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరెను. అంతకు ముందెన్నడును అక్కడ అంత నీరు నమోదు కాలేదు. కొట్టుకొనివచ్చిన పడవలు తగిలి కొన్ని తలుపుల బరువుదిమ్మెలు దెబ్బతిన్నను, కట్టడము నిలిచెను. ఏడు దశాబ్దములకు పూర్వము ఎవరో కాగితముమీద విడిచిన ఆ కొద్దిపాటి ఎడము ఆనాడు నగరమును కాపాడినది.

అదే దినములలో మన నగరమున సింగ్‌నగర్ మొదలగు ప్రాంతములు మునిగినవి కదా, అందురేమో. అక్కడ ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. దాని గట్లకు గండ్లు పడుటచే ఆ నీరు ఇండ్లపై పడెను. పెద్దనదికి లెక్క ఉండెను. చిన్నయేటిని మనము నిర్లక్ష్యము చేసితిమి. సంసారములోను వ్యాపారములోను ఇట్లే జరుగును. పెద్దఖర్చును అందరును చూతురు. గట్టు తెగునది మాత్రము ఎవరును లెక్కింపని చిన్న వాగుయొద్దనే.

3. బందరులో వెలసిన బ్యాంకు

ఇక వ్యాపారలక్ష్యమునకు నిదర్శనమును మన మండలమునుండియే చూపెదను. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో వైద్యవృత్తి చేసి, దానిని విడిచి దేశసేవలో ప్రవేశించిన మహనీయులు. తెలుగువారి పొదుపు తెలుగువారి చేతిపనికి, వ్యవసాయమునకు, వర్తకమునకు ఉపయోగపడవలెనన్నది ఆయన ఆశయము. ఆ ఆశయమును ఆయన ఒక్కసారిగా తలకెత్తుకొనలేదు. 1915లో కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వరుసగా వెలసెను. ఒక మెట్టుమీద కాలు నిలిచిన పిమ్మటనే రెండవ మెట్టు.

ఆంధ్రా బ్యాంకు పుట్టుకలో మూడు అంకెలు మనకు పాఠములు. సంస్థ 1923 నవంబరు 20న రిజిస్టరు అయ్యెను. దాని అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లించిన మూలధనము 1 లక్ష రూపాయలు. వ్యాపారము నవంబరు 28న మొదలయ్యెను.

అధీకృత మూలధనమనగా సంస్థ ఎంతవరకు వాటాలు జారీచేయవచ్చునో ముందుగా వ్రాసికొన్న పరిమితి. చెల్లించిన మూలధనమనగా వాటాదారులు నిజముగా తెచ్చి యిచ్చిన రొక్కము. 10 లక్షలు దూరపు గమ్యము. 1 లక్ష చేతిలోనున్న బలము. స్థాపకులు రెండింటిని వ్రాసిరి. దూరపు అంకెను మాత్రమే వ్రాసియుండినచో అది పగటికల అగును. చేతిలోని దానినే వ్రాసియుండినచో ఎదుగుటకు చోటు లేకపోవును. గమ్యమును పెద్దదిగా వ్రాసికొని, అడుగును ఉన్నంతలో వేయుట లక్ష్యనిర్ణయములో మొదటి నేర్పు.

రెండవ నేర్పు ఆ తేదీలలో ఉన్నది. పుట్టుటకును పనిలో దిగుటకును నడుమ 8 దినములే. సంకల్పము వేడిగా ఉండగానే తొలిపని జరుగవలెను. నెలలు జారినచో ఆ వేడి చల్లారును.

ఆ బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. పేరు మారినను, లక్ష రూపాయల రొక్కముతో మొదలైన పని 96 సంవత్సరములు తన పేరుతోనే నడచుట సామాన్యమైన సంగతి కాదు.

4. మా యింటి లెక్క

ఇది చెప్పుకొనుటకు సంతోషకరమైన సంగతి కాదు. అయినను పదిమందికి ఉపయోగపడునని చెప్పుచున్నాను.

మా తండ్రిగారికి విజయవాడ వన్‌టౌనులో చిన్న బట్టలకొట్టు ఉండెను. ఇంటిఖర్చు వెళ్లగా ఏటేట కొంత మిగులుచుండెను. ఆయన మాట నమ్మకముగల మాట అని పేరు. 1994లో ఆయనకు గవర్నరుపేటలో రెండవకొట్టు తెరువవలెనను కోరిక కలిగెను. "తోటివాళ్లందరికీ రెండేసి కొట్లున్నాయి, మనకెందుకు ఉండకూడదు?" అన్నారు. ఆ వాక్యములో కొలత యున్నట్లు కనబడును: రెండు కొట్లు. కాని అది పొరుగువారి కొలత, మన కొలత కాదు.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,50,000 రూపాయలు అప్పు తెచ్చిరి. నెలకు వడ్డీ 3,000, అద్దె 2,500, గుమాస్తా జీతము 1,200. మొత్తము 6,700. ఆ రోజులలో బట్టలమీద రూపాయికి 15 పైసలు మిగిలినచో మేలే. కావున ఆ కొట్టు లాభము తేకున్నను నష్టపడకుండుటకే నెలకు సుమారు 45,000 రూపాయల అమ్మకము జరుగవలెను. ఇది మూడవతరగతి బాలుడు కూడ వేయగల లెక్క. మా యింట ఎవరును వేయలేదు. చదువుకొన్నవాడనై యుండియు నేనును వేయలేదు.

పండుగనెలలు విడిచినచో ఆ కొట్టులో అమ్మకము 30,000 దాటలేదు. అనగా నెలనెల 2,200 లోటు. ఆ లోటును పాతకొట్టు పూడ్చుచు వచ్చెను. "దసరాకు చూద్దాం", "సంక్రాంతికి చూద్దాం" అనుకొనుచు మూడేండ్లు గడచెను. ఇంత నష్టము వచ్చినచో మూసివేయుదము అను హద్దు ముందుగా అనుకొననందున, ఏ నెలయును మూయదగిన నెలగా కనబడలేదు. 1997లో రెండుకొట్లును మూతపడెను. సరకు అమ్మి, మా అమ్మగారి గాజులు అమ్మి తీర్చగా, పెద్దమనుషులయెదుట 96,000 రూపాయలు బాకీగా తేలెను. ఋణదాతలు దయతలచి ఇకపై వడ్డీ వలదనిరి.

అప్పటికి నా జీతము ఆరువేలు దాటదు. 1999 జూను నెలలో ఒక కాగితముమీద ఇట్లు వ్రాసితిని: "బాకీ 96,000. నెలకు 1,000 చొప్పున 96 నెలలు. జీతము అందిన మరునాడే చెల్లింపు. ఈ బాకీ తీరువరకు క్రొత్త అప్పు చేయరాదు." ఆ కాగితమును దేవునిగూటి ప్రక్కన అంటించితిని. మా తండ్రిగారు లెక్కపుస్తకము తెరచి, ప్రతినెల చెల్లించిన మొత్తమును తమ చేతితోనే వ్రాయుచు వచ్చిరి. మూడేండ్లకు 36,000 తీరెను. అప్పటికి జీతము కొంత పెరిగినందున, కాగితము దిద్ది నెలకు 1,500 చేసితిని. మిగిలిన 60,000 మరి 40 నెలలలో తీరెను. 2005 సెప్టెంబరులో కడపటి వాయిదా వ్రాసి, మా తండ్రిగారు క్రింద రెండు గీతలు గీసిరి. కొంతసేపు పుస్తకము మూయక అట్లే కూర్చుండి, "రెండో కొట్టు పెట్టేముందు ఇలాంటి కాగితం ఒక్కటి రాసి ఉంటే సరిపోయేది గదరా అబ్బాయీ" అన్నారు.

ఆ మాటయే ఈ పాఠమునకు మూలము.

5. లక్ష్యపత్రము వ్రాయు విధము

కావున ప్రతి కుటుంబమును, ప్రతి దుకాణమును ఒక లక్ష్యపత్రము వ్రాసికొనవలెను. ఒక్క పుట చాలును. అందు ఆరు పంక్తులు ఉండవలెను.

(1) ఏమి? ఒకే వాక్యములో వ్రాయవలెను. "వ్యాపారము పెరగవలెను" అనరాదు. "నెలకు మిగులు 5,000 నుండి 7,000 కావలెను" అనవలెను. అమ్మకమును లక్ష్యముగా వ్రాయరాదు, మిగులునే వ్రాయవలెను. అమ్మకము పెరిగి మిగులు తరిగిన కొట్లు పెక్కు.

(2) ఎప్పటికి? నెల, సంవత్సరము వ్రాయవలెను. దూరపు గడువును మూడునెలలకొక మజిలీగా విభజింపవలెను.

(3) ఎందుకు? పొరుగువానిని చూచి అనుకొన్నదా, మన యవసరమునుండి పుట్టినదా? ఈ ప్రశ్నకు సరియైన జవాబు రానిచో ఆ పత్రమును అక్కడనే చించివేయుట మేలు.

(4) ఎవరు? బాధ్యుని పేరు వ్రాయవలెను. "అందరము చూచుకొందము" అన్న పనిని ఎవరును చూడరు.

(5) తొలిపని ఏది? ఎనిమిది దినములలోపల చేయదగినదై ఉండవలెను.

(6) హద్దు ఏది? ఎంత నష్టము వచ్చినచో ఆగుదుము? ఎంత సిద్ధించినచో చాలును?

ఈ పత్రమును ఇంటివారందరియెదుట చదువవలెను. ముఖ్యముగా ఇల్లాలికి తెలియని లక్ష్యము నిలువదు. ఇంటి చిల్లరఖర్చు ఆమెకు తెలిసినంతగా మగవారికి తెలియదు. మా యింట రెండవకొట్టు సంగతి మా అమ్మగారితో ముందుగా చెప్పియుండినచో, అద్దె ఎంత అని ఆమె తప్పక అడిగియుండెడిది.

6. చేతిలోనిది, చేతిలో లేనిది

ఉపాధ్యాయుడనుగా పిల్లలయొద్ద నేను నేర్చుకొన్న సంగతి ఒకటి కలదు. పరీక్షలకు ముందు "నూటికి 90 తెచ్చుకొందును" అని వ్రాసినవారికన్న, "రోజుకు ఐదు వాక్యములు తప్పులేకుండ వ్రాయుదును" అని వ్రాసినవారు ముందుకు పోవుట చూచితిని. మార్కు పరీక్షకుని చేతిలోనున్నది. ఐదు వాక్యములు విద్యార్థి చేతిలోనున్నవి. మార్కు ఏడాదికొకసారి తెలియును. ఐదు వాక్యములు ఏపూటకాపూటయే తెలియును.

కావున ఫలలక్ష్యము ఒకటి, క్రియాలక్ష్యము ఒకటి, రెండును వ్రాసికొనవలెను. వర్తకునికి నెల మిగులు ఫలలక్ష్యము. దినమునకు ఇద్దరు పాతఖాతాదారులను పలుకరించుట, వారమునకొకసారి నిలువ సరకు లెక్కించుట క్రియాలక్ష్యములు. ఫలము ఆలస్యమైనను క్రియ తప్పనివాడు నిరాశపడడు.

మఠములకును ఇదియే వర్తించును. "అన్నదాసోహము ఘనముగా జరుపవలెను" అనుట కోరిక. "ప్రతి సోమవారము 60 మందికి భోజనము; మనిషికి 150 గ్రాముల చొప్పున 9 కిలోల బియ్యము; 52 సోమవారములకు 468 కిలోలు; ఇంత పప్పు, ఇంత నూనె; ఈ నెలకు ఫలానావారు బాధ్యులు" అనుట లక్ష్యము. మొదటిది ఒక పర్వదినమున వేయిమందికి వడ్డించి, మరునాడు పొయ్యి ఆర్పవచ్చును. రెండవది ఏడాది పొడవునను నిలుచును.

7. కాలువలు కట్టిన దినములు

లక్ష్యపత్రము వ్రాయుటతో పని తీరదు. దానిని తిరిగి చూచుకొను దినము కావలెను. ఈ సంగతి డెల్టా రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. నీరు లేని ఆ దినములలోనే పూడిక తీయుట, గట్లు బాగుచేయుట, తూములు సరిచూచుట జరుగవలెను. నీరు విడిచిన పిమ్మట గండి పూడ్చుట కష్టము. పారుచున్న కాలువలో పూడిక ఎంత యున్నదో పైకి కనబడదు.

మనకును అట్టి దినములు కావలెను. మూడునెలలకొక దినము అమ్మకము ఆపి, పత్రము ముందు పెట్టుకొని మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అనుకొన్నదెంత, అయినదెంత? తేడాకు కారణము మన పనియా, కాలమా? గడువు మార్చవలెనా, కొలత మార్చవలెనా, పనియే మార్చవలెనా? పత్రమును దిద్దుకొనుట అవమానము కాదు. నేను నెలకు 1,000ని 1,500గా దిద్దితిని; కష్టము వచ్చియుండినచో 700గా దిద్దియుందును. దిద్దుట వేరు, మరచుట వేరు.

8. హద్దు

కడపట హద్దును గురించి. ఇది ఓడిపోవువారికి మాత్రమే కావలసినది కాదు. గెలుచువానికి ఇంకను ఎక్కువగా కావలెను. ఎంత చాలునో తెలియనివానికి ఎంత వచ్చినను లోటే.

కల్యాణములో రాలిన బియ్యపుగింజలు ఏరి జీవించుచు, ఆ బియ్యముతోనే దాసోహము నడపిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మనమెరుగనిది కాదు. ఒకనాడు మారయ్య నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటి యవసరమునకు మించినది మనది కాదని, దానిని తెచ్చినచోటనే విడిచి రమ్మని భర్తను పంపెను. అంత పేదయింట అంత నిక్కమైన కొలత ఉండెను. కాయకమునకు హద్దు చెప్పినది ఆ యిల్లాలే.

ఆ దంపతులవలె మనము బ్రతుకలేకపోవచ్చును. బిడ్డల చదువు, వృద్ధాప్యము, రోగము మనకున్నవి. వాటికెంత కావలెనో లెక్కవేసి కూడబెట్టుట తప్పు కాదు, కర్తవ్యము. లెక్క వేయకయే "ఇంకను, ఇంకను" అనుట మాత్రము మనలను అప్పులపాలు చేయును, లేదా లోభులను చేయును. ఎంత చాలునో వ్రాసికొన్నవానికి, ఆపై వచ్చిన దానిని ఇచ్చుటకు చేయి వెనుకాడదు.

అభ్యాసము

ఈ సంచిక చేరిన ఎనిమిది దినములలోపల ఇంటివారందరు ఒక సాయంకాలము కూడి యీ క్రింది పనులు చేయుదురుగాక.

1. నిరుడు ఉగాదికి మీరు అనుకొన్న సంగతులను జ్ఞప్తికి తెచ్చుకొని, వాటిలో కొలతయు గడువును ఉన్నవెన్నియో గుర్తింపుడు.

2. రాబోవు సంవత్సరమునకు ఇంటికొకటి, వృత్తికొకటి, రెండే లక్ష్యములు నిర్ణయించి, పై ఆరు పంక్తులలో వ్రాయుడు.

3. మీ సంసారములోని బుడమేరు ఏది? ఎవరును లెక్కింపని చిన్నఖర్చు ఒకదానిని పట్టుకొని, నెలకెంత యగునో వ్రాయుడు.

4. పిల్లలచేత రోజువారీ క్రియాలక్ష్యము ఒకటి వారి దస్తూరితోనే వ్రాయింపుడు. పెద్దలు తమ పత్రమును పిల్లలకు చూపుడు.

5. మూడునెలల తరువాత మరల కూడు దినమును నేడే గోడక్యాలెండరుపై గుర్తుపెట్టుడు.

మా తండ్రిగారి లెక్కపుస్తకము నేటికిని మా యింట ఉన్నది. క్రొత్తపని ఏది తలపెట్టినను, ముందు దాని కడపటి పుటలోని ఆ రెండు గీతలను చూచి, పిమ్మటనే కాగితము తీయుట నాకు అలవాటు. మీ యింట అట్టి గీతలు గీయవలసిన అక్కర రాకుండుగాక. శరణు శరణార్థి.